సర్ పిట్టి త్యాగరాయ శ్రేష్ఠిగారి జీవిత సంగ్రహము



ఈ వార్షిక మహాసభా సంచికకు మన దేవాంగ కులమున జన్మించిన యొక మహనీయుని చరిత్రము వ్రాసి యీయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ముప్పదియైదేండ్లు బడిపంతులు పని చేసి విశ్రాంతి నొందిన నాకు కీర్తిశేషులగు సర్ పిట్టి త్యాగరాయ శ్రేష్ఠిగారే మొట్టమొదట స్మరణకు వచ్చిరి. త్యాగరాయ చెట్టియను పేరు మనవారిలో ననేకు లెరుగుదురు. చెన్నపట్టణములోని త్యాగరాయనగరము వారి పేరిట వెలసినదనియు వినియున్నారు. కాని వారు చేసిన పని యెట్టిది, వారు వలదన్న పదవి యెట్టిది యను సంగతులు మన పిల్లలకు తెలియవు. పెద్దలమైన మనకును తెలియవలసినంత తెలియవు.

సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతమున నివసించు మనకు ఈ చరిత్రముతో విశేష ప్రయోజనము కలదు. 1970వ దశకము మొదలుకొని యిచ్చట కర్మాగారములు వెలసెను. మగ్గము విడిచి, స్వగ్రామము విడిచి, యంత్రశాలల నాశ్రయించిన కుటుంబములు మనలో ననేకములు. ఊళ్లు పట్టణములయ్యెను. పటాన్‌చెరువు 2007వ సంవత్సరమున హైదరాబాదు మహానగరపాలక సంస్థలో చేరెను. 2020 జనవరి మాసమున సంగారెడ్డి, సదాశివపేట, అమీన్‌పూర్, తెల్లాపూర్, బొల్లారము మున్నగు పురపాలక సంఘములకు ఎన్నికలు జరిగెను. ఎన్నిక వచ్చినప్పుడెల్ల మనవారు తమలో తాము వేసికొను ప్రశ్న యొక్కటే: మనవారికి ఎన్ని స్థానములు లభించినవి? ఈ ప్రశ్న తప్పు కాదు. అయితే స్థానము లభించిన పిమ్మట చేయవలసిన దేమి యను రెండవ ప్రశ్న కలదు. దానిని మనము అరుదుగా వేసికొందుము. ఆ రెండవ ప్రశ్నకు త్యాగరాయ శ్రేష్ఠిగారి జీవితమే సమాధానము.

జననము, విద్య, వ్యాపారము

శ్రేష్ఠిగారు 1852వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన చెన్నపట్టణ ప్రాంతమున, తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమున జన్మించిరి. నేతపని, వస్త్ర వ్యాపారము కులవృత్తిగా గల యింట పుట్టియు ఆంగ్లవిద్య నభ్యసించి, చెన్నపట్టణమునందలి ప్రెసిడెన్సీ కళాశాలలో 1876వ సంవత్సరమున బి. ఏ. పట్టమును పొందిరి. ఆ కాలమున పట్టభద్రుడైనవాడు సర్కారు కొలువునకో, న్యాయవాద వృత్తికో పోవుట వాడుక. శ్రేష్ఠిగారు ఆ రెండింటిని కోరక వ్యాపారమునే వరించిరి. వారి యాజమాన్యమున దాదాపు 100 మగ్గములతో నేతశాల నడచెను. తోళ్లను పదను చేయు శాలలు, ఉప్పు, సున్నము వ్యాపారములు సైతము వారికి కలవు. చదువుకొన్నవాడు మగ్గమును చూచి సిగ్గుపడవలసిన పని లేదని వారు మాటలతో కాక బ్రతుకుతో నిరూపించిరి.

1909వ సంవత్సరమున దక్షిణ హిందూదేశ వర్తక సంఘము చెన్నపట్టణమున స్థాపింపబడినప్పుడు దానికి పునాది వేసినవారిలో వారొకరు. 1910 మొదలు 1921 వరకు ఆ సంఘమునకు వారే అధ్యక్షులు. అంతవరకు పెద్ద వ్యాపారమున ఆంగ్లేయ కంపెనీలవారి మాటయే చెల్లుచుండెను. దేశీయ వర్తకులకు తమదియను వేదిక యేర్పడుట ఆ కాలమునకు గొప్ప మార్పు.

పురపాలక సభలో నలుబదియేండ్లు

వారి జీవితమునకు అసలు క్షేత్రము చెన్నపట్టణ పురపాలక సభ. ఆ నగరపాలక సంస్థ 1688లో ఏర్పడినది, హిందూదేశమున నిట్టి సంస్థలలో మొదటిది. శ్రేష్ఠిగారు ముప్పదియేండ్ల ప్రాయమున, అనగా 1882వ సంవత్సరమున, దానిలో సభ్యులైరి. రాజప్రతినిధియగు రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును విస్తరింప నుత్తరువు చేసినదియు నా సంవత్సరముననే. అది మొదలు దాదాపు నలుబదియేండ్లు వారు ఆ సభను విడువలేదు.

నలుబదియేండ్లు పురపాలక సభలో కూర్చుండుట యనిన సామాన్యమా? అచ్చట యుద్ధములు లేవు, సంధులు లేవు. మురుగుకాలువ, మంచినీటి గొట్టము, వీధిదీపము, అంటువ్యాధి, ఇంటిపన్ను, చెత్తబండి మొదలగునవియే అచ్చటి విషయములు. ఇట్టి విషయముల మీద ఏండ్ల తరబడి ఓపికతో వాదించుట కీర్తికాముకుల చేత కాదు. సభకు అధ్యక్షుడుగా ప్రభుత్వోద్యోగియే యుండెడివాడు. సభ్యులు మాటలాడవచ్చును, నిర్వహణము మాత్రము దొరలది. తమ చేతిలో అధికారము లేని దినములలోనే శ్రేష్ఠిగారు అధికారము నుపయోగించు విద్యను నేర్చుకొనిరని మనము గ్రహింపవలెను.

ఆ సభలోనే వారికి డాక్టరు టి. ఎం. నాయరుగారితో వైరము పుట్టెను. నాయరుగారు మలయాళ దేశీయులు, ప్రసిద్ధ వైద్యులు. తిరువళ్ళిక్కేణి పార్థసారథిస్వామి కోనేటి విషయమున ఇరువురకు తీవ్రమైన భేదము కలిగి, తుదకు నాయరుగారు సభ్యత్వమునే విడిచిరి. అట్టి ప్రతిస్పర్ధులు తరువాత నొక కాడిని మోసిన ఎద్దులవలె కలిసి పనిచేసిరి. వారిని కూర్చినవారు డాక్టరు సి. నటేశ మొదలియారుగారు. సంఘములలో చిన్న చిన్న భేదములకు విడిపోవు మనము ఈ యొక్క సంగతిని జ్ఞప్తియందుంచుకొన్నను చాలును.

1916వ సంవత్సరము

శ్రేష్ఠిగారు మొదట కాంగ్రెసువాదులు. 1884లో ఏర్పడిన చెన్నపట్టణ మహాజన సభకు స్థాపక సభ్యులు. అట్టివారు వేరు మార్గము తొక్కుటకు కారణము 1916వ సంవత్సరపు ఎన్నికలు. ఆ సంవత్సరమున డాక్టరు నాయరుగారు, పానగల్లు రాజాయని ప్రసిద్ధి నొందిన పానగంటి రామరాయనింగారు కేంద్ర శాసనసభ ఎన్నికలలో ఓడిపోయిరి. ఆ సంవత్సరముననే శ్రేష్ఠిగారును, కూర్మా వెంకటరెడ్డినాయుడుగారును స్థానిక సభల ఎన్నికలలో ఓడిపోయిరి. అన్నియేండ్లు సేవ చేసినవారికి ఈ యోటమి కేవలము స్వవిషయముగా తోచలేదు. ఉద్యోగములందు, సభలందు నొక్క వర్గమువారికే ప్రవేశము సుగమమై, తక్కినవారు వాకిట నిలిచియున్నారని వారికి నిశ్చయమయ్యెను. లెక్కలును అట్లే పలుకుచుండెను. 1912వ సంవత్సరమున చెన్నరాజధానిలోని 128 మంది జిల్లా మునసబులలో 93 మంది, 18 మంది సబుజడ్జీలలో 15 మంది బ్రాహ్మణులే. వారి సంఖ్యయో, జనులలో నూటికి మూడు మాత్రమే.

ఈ స్థలమున నొక మాట చెప్పక తప్పదు. నాకు సంస్కృతము చెప్పిన గురువులు బ్రాహ్మణులు. వారి ఋణము నేను తీర్చుకొనలేనిది. శ్రేష్ఠిగారి యుద్యమమును ద్వేషముగా వర్ణించుట సులభము. అందరిచే పన్నులు కట్టించుకొను ప్రభుత్వమున అందరికిని పాలు కావలెననుటయే దాని సారమని నా తలంపు. ఉద్యమమున చేరినవారందరు ఆ హద్దును దాటకయుండిరని మాత్రము నేను చెప్పజాలను.

1916 నవంబరు 20వ తేదీన చెన్నపట్టణమున వేపేరియందు పెద్దలు సమావేశమైరి. అచ్చటినుండియే దక్షిణ హిందూదేశ ఉదారవాద సంఘము పుట్టెను. డిసెంబరులో శ్రేష్ఠిగారి సంతకముతో బ్రాహ్మణేతర ప్రకటనము వెలువడెను. 1917 ఫిబ్రవరి 26వ తేదీన ఆంగ్లమున జస్టిస్ పత్రిక మొదలయ్యెను. అరవమున ద్రావిడన్, తెలుగున ఆంధ్రప్రకాశిక ఆ పక్షమును వినిపించెను. ఆంగ్ల పత్రిక పేరే పక్షమునకు వాడుకపేరై, జస్టిస్ పార్టీ యనబడెను. 1919 జూలైలో నాయరుగారు లండను నగరమున కాలధర్మము నొందగా భారమంతయు శ్రేష్ఠిగారి భుజముల మీద బడెను. అప్పటికి వారి వయస్సు అరువదియేడు.

చేతికి వచ్చిన పదవి

1919వ సంవత్సరపు చట్టముచే రాజధానులలో ద్వంద్వ ప్రభుత్వ మేర్పడెను. పోలీసు, భూమిశిస్తు, ధనకోశము గవర్నరువారి వద్దనే యుండెను. విద్య, వైద్యము, స్థానిక పరిపాలనము, పరిశ్రమలు మున్నగునవి ప్రజలెన్నుకొన్న సభకు ఉత్తరవాదులగు మంత్రులకు వచ్చెను. 1920 నవంబరులో ఎన్నికలు జరిగెను. ఆస్తి, పన్ను గలవారికే ఓటుండుటచే చెన్నరాజధాని యంతటను ఓటర్లు దాదాపు పన్నెండున్నర లక్షల మంది మాత్రమే. సహాయనిరాకరణమును బట్టి కాంగ్రెసు ఎన్నికలను విడిచిపెట్టెను. ఓటు వేసినవారు సుమారు మూడు లక్షలు. ఎన్నుకొనబడిన 98 స్థానములలో జస్టిస్ పార్టీకి 63 వచ్చెను. ప్రతిపక్షము బరిలో లేని గెలుపని విమర్శకులు చెప్పుదురు. అది నిజమే. కాని ఆ దినమున అధికారము చేతులు మారినదనుటయు నంతే నిజము.

గవర్నరగు విల్లింగ్డన్ ప్రభువు శ్రేష్ఠిగారిని పిలిపించి మంత్రివర్గమును కూర్చుమని కోరిరి. ప్రథమమంత్రి పదవి, నెలకు నాలుగువేల రూపాయలకు మించిన జీతము, రాజధాని యంతటి మీద అధికారము! శ్రేష్ఠిగారు దానిని నిరాకరించిరి. వారి సూచనపై కడలూరి వాస్తవ్యులగు ఎ. సుబ్బరాయలు రెడ్డియారుగారు 1920 డిసెంబరు 17వ తేదీన ప్రథమమంత్రియైరి. 1921 జూలైలో ఆయన అనారోగ్యముచే తప్పుకొనగా పానగల్లు రాజావారు ఆ స్థానమునకు వచ్చిరి.

మరి శ్రేష్ఠిగారు ఎచ్చట నిలిచిరి? పురపాలక సభలోనే! 1919వ సంవత్సరపు నగరపాలక చట్టముచే సభ్యులు తమ అధ్యక్షుని తామే ఎన్నుకొను హక్కు పొందిరి. 1920వ సంవత్సరమున శ్రేష్ఠిగారు ఆ స్థానమునకు ఎన్నుకొనబడిరి. ప్రభుత్వోద్యోగి కాక, సభ్యులచే నెన్నుకొనబడిన మొదటి అధ్యక్షులు వారే. నలుబదియేండ్లు ఎదుట కూర్చుండి ప్రశ్నించిన యాసనమున తామే కూర్చుండిరి. పెద్ద పదవి యొక తట్ట, తాము నేర్చిన పని యొక తట్ట నుంచి తూచి, పనివైపే మ్రొగ్గిరి.

ఒక్క అణా భోజనము

ఆ యధ్యక్షతలో జరిగిన పనులలో నొకదానినే విస్తరించి చెప్పెదను. 1920 సెప్టెంబరు 16వ తేదీన పురపాలక సభ యొక తీర్మానము చేసెను. నగరమున థౌజండ్ లైట్స్ అను పేటయందలి పురపాలక పాఠశాల పిల్లలకు మధ్యాహ్నమున ఉపాహారము పెట్టవలెననియు, పిల్ల యొక్కంటికి దినమునకు ఒక అణాకు మించి వ్యయము కారాదనియు ఆ తీర్మానము. పేదపిల్లలు ఆకలిచే బడికి రాకుండుటయే దానికి కారణము. పిమ్మట మరి నాలుగు పాఠశాలలకు దానిని విస్తరించిరి. ఆ యయిదు పాఠశాలలలో 1922–23లో 811 మంది యున్న పిల్లలు 1924–25 నాటికి 1,671 మందియైరి. రెండేండ్లలో రెట్టింపునకు మించెను!

ఈ లెక్క నాబోటి పంతులకు కేవలము అంకెలుగా తోచదు. నేను కొలువున చేరిన దినములలో మధ్యాహ్నపు గంట మ్రోగిన వెనుక తరగతి సగము ఖాళీయగుచుండెను. ఇంటికి పోయినవారిలో కొందరు తిరిగి వచ్చెడివారు కారు. కొందరు ఇంటికి పోకయే కుళాయియొద్ద నీరు త్రాగి వచ్చి కూర్చుండెడివారు. అట్టివారిని పాఠము రాలేదని నేను దండించిన దినములు కలవు. ఇప్పటికిని అవి నన్ను బాధించును. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశమున బడులలో వండిన అన్నము పెట్టుట ఆరంభమయ్యెను. ఆ తరువాత మధ్యాహ్నపు హాజరుపట్టీ నింపునపుడు నాకు కలిగిన సంతోషము చెప్పజాలను. ఆ యన్నపు గిన్నెకు 80 ఏండ్లకు మున్నే మన కులజు డొకడు అధ్యక్షుడుగానున్న సభ దారి చూపినదని నాకప్పుడు తెలియదు.

ప్రాథమిక విద్యానిధినుండి ఆ వ్యయము చేయగూడదని ప్రభుత్వము తగులుకొనుటచే 1925 ఏప్రిల్ 1వ తేదీన ఆ భోజనము నిలిచిపోయెను. మరల 1927లో మొదలయ్యెను. దానిని మరల చూచుటకు శ్రేష్ఠిగారు లేరు.

వేషము, ధైర్యము, లోపములు

శ్రేష్ఠిగారు తెల్లని వస్త్రములే ధరించెడివారు. ప్రభుత్వమువారి దర్బారులకు నియమించిన యుడుపులను వారంగీకరింపరైరి. 1922 జనవరి 13వ తేదీన ఆంగ్ల యువరాజు చెన్నపట్టణమునకు వచ్చినపుడు నగరాధ్యక్షులుగా వారు తమ తెల్లబట్టలతోనే ఆయన నెదుర్కొనిరి. అరవవారు వారిని తెల్లయుడుపుల రాజని పిలుచుట ఇందువలననే. ఆ దినమున యువరాజు రాకకు ప్రతికూలముగా హర్తాళమును, అల్లరియు జరిగి, జనులు వారి యింటిని ముట్టడించిరి. రాజభక్తుడని తిట్టినవారి యెదుటను, దర్బారు వేషమును కోరినవారి యెదుటను వారు తమ పట్టు విడువలేదు.

మహనీయుల చరిత్రము వ్రాయునపుడు గుణములనే చెప్పి విడుచుట మన సంచికలలో వాడుక. అట్లు చేసిన చదువరులకు మేలు కలుగదు. శ్రేష్ఠిగారి నాయకత్వముననే పక్షమునకు తీరని నష్టములు కలిగెను. 1921లో బకింగ్‌హాం కర్ణాటక మిల్లులలో సమ్మె జరుగగా పనికి పోయిన ఆదిద్రావిడులకును, సమ్మె చేసిన సవర్ణ కార్మికులకును ఘర్షణము పుట్టెను. జస్టిస్ నాయకులు సవర్ణుల పక్షమున నిలిచిరి. ఆదిద్రావిడుల నాయకులగు ఎం. సి. రాజాగారు 1923లో పక్షమును విడిచిరి. మంత్రిపదవులు తెలుగువారికే పోవుచున్నవని అరవవారు నొచ్చుకొనిరి. తమకు ద్వారము మూయబడినదని మొరపెట్టినవారే, లోపలికి పోయిన పిదప తమ వెనుక వచ్చువారికి ద్వారము కొంత మూసిరి. 1923వ సంవత్సరపు ఎన్నికలలో 63 స్థానములు 44కు దిగెను. ఆ నవంబరులోనే కట్టమంచి రామలింగారెడ్డిగారి వర్గము పానగల్లు రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము తెచ్చెను. 44కు 65 ఓట్లతో మంత్రివర్గము నిలిచినను, పూర్వపు బలము మరల రాలేదు.

అస్తమయము

1921లో వారికి సర్ బిరుదము వచ్చెను. కడవరకు పక్షాధ్యక్షులుగనే యుండి, 1925 ఏప్రిల్ 28వ తేదీన, డెబ్బదిమూడేండ్లు నిండిన మరునాడు, వారు పరమపదించిరి. పెద్ద చెరువును పూడ్చి నిర్మించిన క్రొత్త పేటకు త్యాగరాయనగరమని పేరు పెట్టిరి. పురపాలక సంస్థవారి రిప్పన్ భవనము నెదుట వారి శిలావిగ్రహము నిలిచెను. ఉత్తర చెన్నపట్టణమున వారి పేరిట కళాశాల 1950లో వెలసెను.

విన్నపము

సోదరులారా! త్యాగరాయ శ్రేష్ఠి మనవాడని గర్వించుటకు మనకు హక్కు కలదు. ఆ గర్వమునకు తగిన పని చేయుట మన విధి. ఆయన పెట్టించిన అన్నము తినిన పిల్లలలో దేవాంగులెందరో ఎవరును లెక్క వ్రాయలేదు, ఆయనయు అడుగలేదు. తోళ్లశాలలు నడపిన వ్యాపారియే నగరపు నీటిని, మురుగును గూర్చి నలుబదియేండ్లు సభలో కూర్చుండెను. మన ప్రాంతమున నక్కవాగు నీరు కర్మాగారముల మలినముచే చెడి పంటచేలు పాడైన కథ మనకందరకును తెలిసినదే. ఆ కర్మాగారములలో కూలి తీసికొన్నవారమును మనమే, ఆ నీటితో నష్టపడిన రైతుల పొరుగువారమును మనమే. మనవాడు ఏ వార్డునకైనను ఎన్నికైన దినమున పూలమాలతో పాటు ఆ వార్డులోని బడి, కుళాయి, కాలువ పట్టికను సైతము ఆతని చేతికిచ్చి, ఏడాదికొకసారి ఈ మహాసభలో లెక్క చెప్పుమని యడుగుదము. ఆ లెక్కలో మన వాడకట్టు మాత్రమే కాక, మనకంటె పేదల వాడకట్టు మొదట రావలెను. అట్లు కానిచో, ద్వారము తెరచుకొని లోపలికి పోయి మరల మూసినవారి లోపమే మనకును సంక్రమించును.

పోషకులగు ధనికులకు వేరొక మనవి. ఈ సంచికకు వారిచ్చు విరాళము శ్లాఘనీయము. దానిలో కొంతభాగమును, కులము నడుగక, ఏదేని యొక సర్కారు బడిలోని పిల్లల ఉదయపు ఉపాహారమునకు వినియోగించినచో శ్రేష్ఠిగారికి అంతకంటె తగిన స్మారకము వేరొండు లేదు. ఆ కాలమున పిల్ల యొక్కంటికి అణా చాలెను. ఈ కాలమున కొంచెము ఎక్కువ కావచ్చును.

సర్వజనులకు శుభమగుగాక!